నది కింద అడవి: వేళ్ళు పైనెందుకున్నాయి?

పోయిన వారం మన రాళ్ళమ్మాయిని కోర్ షెడ్డులో మోకాళ్ళ మీద కూచోబెట్టి వదిలేశాం. చేతిలో తడిగుడ్డ, ఎదురుగా రాళ్ళ ట్రే, నోట్లో "వేళ్ళు పైనెందుకున్నాయి?" అన్న ప్రశ్న. వారం పాటు ఆ పిల్ల అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయిందేమోనని కొందరు పాఠకులు బాధపడ్డారట. ఈ సీరియల్లో రాళ్ళు ఎక్కువయ్యాయి, అమ్మాయి పెళ్ళెప్పుడని ఇంకొందరు నిలదీస్తున్నారు. పెళ్ళికేం తొందర? ముందు ఆ అమ్మాయి ఉంటున్న ఊరు ఉంటుందో ఊడుతుందో తేలనివ్వండి.

కొత్తగా చేరినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెబుతాను. ఇది నది లోయలోని ఒక బొగ్గు గని. నదికి ఈవలి గట్టు కింద ఉన్న బొగ్గు పొరను దాదాపు తవ్వేశారు. అదే పొర ఆవలి గట్టు కింద కూడా ఉంటే గని నడుస్తుంది, లేకపోతే మూతపడుతుంది. ఉందో లేదో చూడ్డానికి ఆవలి గట్టున బోరు వేశారు. వేసింది డ్రిల్లింగ్ మేస్త్రి, మన అమ్మాయికి అక్క మొగుడు. బోరులోకి దించిన బ్యారెల్ అనే గొట్టంలో పైకి వచ్చే గుండ్రటి రాతి కడ్డీలనే కోర్ అంటారు. వాటిని ట్రేల్లో పేర్చి షెడ్డుకు పంపాడు. వాటిని చూసిన పెద్దసారు, అంటే గనిలో రాళ్ళ చదువు చదివినవాళ్ళందరికీ పెద్ద, పెదవి విరిచాడు. ఆవలివైపు పొర లేదని, ఏనాటిదో పాతనది దాన్ని కోసుకుపోయిందని తేల్చాడు. రేపు ఉదయం హెడ్డాఫీసు వాళ్ళు వస్తున్నారు. గని మూసేద్దామంటే తలలూపి వెళ్ళిపోతారు. అక్క అప్పుడే వంటింటి సామాను అట్టపెట్టెల్లో సర్దుతోంది. బావ ఎక్కడో దూరాన నీళ్ళ బోర్లు వేసే కంపెనీలో పనికి ఒప్పుకున్నాడు.

బొగ్గు ఎలా పుట్టిందో ఒక్క నిమిషం చెప్పుకోకపోతే ఇవాళ్టి గొడవ అర్థం కాదు. ఈ లోయ ఒకప్పుడు చిత్తడి అడవి. చెట్లు బురదలో కూలి, పూర్తిగా కుళ్ళకుండానే పేరుకుపోయాయి. నది వాటిమీద ఇసుక కప్పింది. ఆ బరువుకి నలిగి నలిగి అవి బొగ్గయ్యాయి. చెట్లు బొగ్గయినా వాటి వేళ్ళు దిగిన బంకమట్టి మాత్రం కిందే ఉండిపోతుంది. అందుకే బొగ్గు పొర పుట్టినచోటే ఉంటే దాని కింద వేళ్ళ మట్టి కనిపించాలి.

ఈ ట్రేలో వేళ్ళ మట్టి బొగ్గుకి పైన ఉంది. బొగ్గు కింద గులకరాళ్ళున్నాయి. పెద్దసారు దీన్ని చూడకుండా వదిలేసే మనిషి కాదు. పాతనది గట్టును కోస్తుంటే ఒక పెద్ద పెళ్ళ విరిగి, తిరగబడి గులకరాళ్ళ మీద పడిందని, ఇక్కడ దొరికిన బొగ్గు ఆ పెళ్ళలోదేనని చెప్పాడు. సబబుగానే ఉంది. రాళ్ళమ్మాయి కూడా నిన్నటిదాకా నమ్మింది.

ఇవాళ ఊరికే ఉండలేక గులకరాళ్ళను కూడా తడిపి తుడిచింది. చిక్కు అక్కడే వచ్చింది. నది జోరు తగ్గుతుంటే బరువైన రాళ్ళు ముందు దిగబడతాయి, సన్నవి వాటిమీద పడతాయి. ఇక్కడ పెద్దవి పైన, సన్నవి కింద ఉన్నాయి. విరిగిన పెళ్ళ తిరగబడొచ్చు. నది తీరిగ్గా పరిచిన గులకరాళ్ళ పొర మొత్తం తిరగబడదు. అలా కనిపిస్తోందంటే రాళ్ళని ట్రేలో పేర్చినవాళ్ళే తలకిందులుగా పేర్చి ఉండాలి.

ఆ మాట మనసులో అనుకోగానే ఆమెకి సంతోషం ముంచుకొచ్చింది. మరుక్షణమే ఇంకోటి గుర్తొచ్చింది. పేర్చింది బావ.

చిన్నప్పుడు చదువుకోడానికని అక్క ఇంట్లో దిగిన పిల్ల ఆమె. వేసవి సెలవులకి తప్ప మళ్ళీ కదల్లేదు. దారిలో కనిపించిన రాయల్లా జేబులో వేసుకొస్తే అక్క బట్టలుతికే బకెట్టు అడుగున గలగలమనేది. అప్పుడే బావ ఆమెకి రాళ్ళమ్మాయి అని పేరు పెట్టాడు. డ్రిల్లింగ్ మిషను దగ్గరికి తీసుకెళ్ళి, బోరులోంచి అప్పుడే వచ్చిన రాయిని అరచేతిలో పెట్టి, "దీన్ని నీకంటే ముందు ఎవరూ చూడలేదు" అని చెప్పింది కూడా బావే. ఆ ఒక్క మాటతో ఆమె రాళ్ళ చదువు చదివి, ఇదే గనిలో పెద్దసారు కింద పనికి చేరింది. ఇప్పుడా మనిషిని పిలిచి నువ్వు తప్పు చేశావని చెప్పాలి.

ఫోన్ చేసి ఒకసారి షెడ్డుకి రమ్మంది. బావ వచ్చాడు. పొద్దుట్నుంచీ చెల్లెలు ఏమీ తినలేదని తెలిసి అక్క కూడా క్యారేజీ పట్టుకుని వెనకే వచ్చింది.

"ఏమే, గని మూసేస్తుంటే ఇంకా ఈ రాళ్ళకి స్నానాలు చేయిస్తున్నావా?" అన్నాడు బావ గుమ్మంలోంచే. "వాటికి తువ్వాళ్ళు కూడా తేవాల్సింది."

"బావా, కూచో. ఒక మాట అడగాలి."

"కూచోమన్నావంటే ఏదో పెద్ద మాటే." ఖాళీ ట్రే ఒకటి బోర్లించి దానిమీద కూచున్నాడు. అక్క క్యారేజీ విప్పబోయి, చెల్లెలి మొహం చూసి ఆగిపోయింది.

"బ్యారెల్లోంచి రాయి బయటికి తీసేటప్పుడు ముందు ఏది వస్తుంది?"

"నన్ను పరీక్ష చేస్తున్నావా? అడుగుది ముందొస్తుంది. అందుకే మొదటి ముక్కని ట్రేలో కుడి చివర పెడతాం. అక్కణ్నుంచి ఎడమకి వస్తాం. అయ్యాక చూస్తే ఎడమ పక్క పైది, కుడి పక్క కిందిది. మా కుర్రాళ్ళు నిద్రలో కూడా పేర్చేస్తారు."

"ఆవలి గట్టున ట్రేలు ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడేంటి, మిషను పక్కనే."

"ఏ పక్కన?"

బావ చెయ్యెత్తి ఒక పక్క చూపించబోయి, రెండో పక్కకి తిప్పాడు. ఆ గట్టు ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. మిషను నిలబెట్టాక ఒక పక్క నేల నదిలోకి జారిపోతుంది. ఎప్పుడూ ట్రేలు పెట్టే పక్కన కాలు పెట్టే చోటు కూడా ఉండదు. అందుకని అక్కడ ట్రేల్ని అవతలి పక్కకి మార్చి ఉంటారు. మనుషులు కూడా అటుతిరిగి నిలబడి ఉంటారు. ఇన్నేళ్ళ అలవాటులో చేతులు మాత్రం తమ పని తాము చేసుకుపోయి, మొదటి ముక్కని తమకి కుడివైపే పెట్టి ఉంటాయి. ట్రే మీద వేసిన గుర్తు ప్రకారం అది ఎడమ చివర.

"అంటే ఏంటి నీ ఉద్దేశం?" బావ గొంతు మారింది.

"బ్యారెల్ ఒకసారి పైకి లాగితే వచ్చిన రాయి ఉంటుందే, ఆ ఒక్కో లాగుడూ తిరగబడింది బావా. లాగుళ్ళ వరస బాగానే ఉంది. మధ్యలో మీరు పెట్టిన చెక్క ముక్కలు, వాటిమీద లోతులు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఒక్కో లాగుడు లోపల మాత్రం కిందిది పైకి, పైది కిందికి పోయింది."

"నా ట్రేలు తిరగబడ్డాయా?" బావ లేచి నిలబడ్డాడు. "నేను మిషనెక్కేనాటికి నువ్వు ఇంకా గౌను వేసుకుని రాళ్ళు ఏరుకుంటున్నావు. ఇన్నేళ్ళలో ఈ లోయలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నా ట్రే వైపు వేలెత్తి చూపించలేదు. నా ఇంట్లో అన్నం తిని, నా ట్రే తప్పంటావా?"

"ఆ అన్నం వండింది నేనండీ" అంది అక్క. "నా అన్నం తినే అంటోంది. అనేదేదో పూర్తిగా అననివ్వండి."

రాళ్ళమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ ఆపుకుంది. ఏడిస్తే బావ ఇట్టే మెత్తబడతాడని తెలుసు. అలా మెత్తబరిచి ఒప్పించడం ఆమెకి ఇష్టం లేదు.

"నా మాట నమ్మొద్దు బావా. నీ చేత్తోనే చూడు" అంది. "ఈ లాగుడులో ఆఖరి ముక్క, దాని తర్వాతి లాగుడులో మొదటి ముక్క. నేలలో ఉన్నప్పుడు రెండూ ఒకే రాయి కదా. విరిగినచోట అతుక్కోవాలి. కలిపి చూడు."

ఆయన ఒంగి రెండు ముక్కలూ తీశాడు. విరిగిన మొహాలు ఒకదానికొకటి ఆనించాడు. కుదరలేదు. తిప్పి చూశాడు, ఇంకోలా తిప్పి చూశాడు. రెండూ రెండు తీర్ల రాళ్ళు. ఒకటి సన్న ఇసుకరాయి, ఒకటి బూడిదరంగు మట్టిరాయి.

"అరిగిపోయి ఉంటాయి" అన్నాడు, తనకే నమ్మకం లేనట్టు.

"ఇప్పుడు రెండు లాగుళ్ళూ తిప్పుదాం. అక్కా, నువ్వు కూడా ఓ చెయ్యి వెయ్యి."

ముగ్గురూ నేలమీద చతికిలబడ్డారు. షెడ్డు రేకుల కింద ఉక్కపోస్తోంది. ఒక్కో కడ్డీని తీసి, తిప్పి, ఖాళీ ట్రేలో రెండో చివర్నుంచి పేర్చుకుంటూ వచ్చారు. అక్క ప్రతి ముక్కనీ గాజు గ్లాసు పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుంది. పేర్చడం అయ్యాక రాళ్ళమ్మాయి పక్కకి జరిగి బావకి చోటిచ్చింది.

ఆయన మళ్ళీ ఆ రెండు చివర్లూ దగ్గరికి చేర్చాడు. ఒక పక్క పంటిలా పొడుచుకొచ్చిన ముక్క రెండో పక్క గుంటలోకి వెళ్ళి కూచుంది. సన్నటి గీత తప్ప విరిగిన జాడ కూడా కనపడలేదు. చెయ్యి తీస్తే విడిపోతుందేమోనన్నట్టు ఆయన చాలాసేపు అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"చూశావా బావా? ఇప్పుడు గులకరాళ్ళు పైన, బొగ్గు కింద, దాని కింద వేళ్ళ మట్టి. పెళ్ళా లేదు, గిళ్ళా లేదు. అడవి ఎక్కడ పెరిగిందో అక్కడే ఉంది. పాతనది వచ్చి దాని నెత్తి గీరింది, అంతే. పొర నది కిందనుంచి ఆవలికి పోతోంది."

"అంటే గని మూయరా?" అంది అక్క.

రాళ్ళమ్మాయి బావ వైపు చూసింది. బావ నేల వైపు చూస్తున్నాడు.

"ట్రే కూడా తిన్నగా పేర్చడం రాని మేస్త్రి అన్న పేరొస్తుంది" అన్నాడు నెమ్మదిగా. కోపం పోయి భయం మిగిలింది. "అయినా నాకింకో పని తెలీదే. ఆ నీళ్ళ బోర్లవాళ్ళు కూడా నా పేరు విని రమ్మన్నారు. అదే పోతే నాకు మిషనెవడిస్తాడు?"

రాళ్ళమ్మాయికి అప్పుడు అర్థమైంది. గని బతకాలంటే బావ పేరు పోవాలి. ఊళ్ళో అందరి ఇళ్ళూ నిలబెట్టి తనని పెంచిన బావని కూలదొయ్యాలా? ఇలా అనుకోవడం న్యాయం కాదని తెలిసినా అనుకోకుండా ఉండలేకపోయింది.

"నీ పేరు రానివ్వను. షెడ్డులో ట్రేలు సర్దేటప్పుడు ఎవరో కలగాపులగం చేశారని చెబుతాను" అంది.

అక్క ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

బయట జీపు ఆగిన చప్పుడైంది. పెద్దసారు లోపలికొచ్చాడు. రేపటి మీటింగులో చూపించడానికి కొన్ని కోర్ ముక్కలు పట్టుకెళదామని వచ్చాడాయన. నేలమీద పరిచిన రాళ్ళని, చుట్టూ కూచున్న ముగ్గురు మనుషుల్ని, విప్పని క్యారేజీని చూసి, కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నాడు.

"ఏంటమ్మాయ్, పిక్నిక్కా?"

రాళ్ళమ్మాయి గబగబా అంతా చెప్పింది. గులకరాళ్ళ సంగతి, అతుక్కున్న చివర్ల సంగతి. ఆయన ఒంగి భూతద్దం పెట్టి చూశాడు. గులకరాళ్ళ మీద వేలు పెట్టి పెద్దవాటి నుంచి సన్నవాటి దాకా రాస్తూ పోయాడు. ఇంత తేలికైన విషయం తన కంటికి ఆననందుకు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా పెద్దమనిషి, దాచుకోలేదు. "నేను పెళ్ళ తిరగబడిందనుకున్నాను గానీ, రాయి మొత్తం తిరగబడి ఉంటుందని అనుకోలేదు. బాగా పట్టావు" అన్నాడు. తర్వాత సూటిగా అడిగాడు. "ఎలా తిరగబడింది?"

"ఇక్కడ సర్దేటప్పుడు సార్. కలగాపులగం అయినట్టుంది."

పెద్దసారు మొహంలో వెలుగు ఆరిపోయింది. "షెడ్డులో కలిసిపోయాయంటావా? అయితే పనికిరాదమ్మా. కొన్ని తిరగబడి, కొన్ని తిరగబడకుండా ఉంటే ఏది నమ్మాలి? రేపు వాళ్ళు మొదట ఆ మాటే అంటారు. మీ రాళ్ళన్నీ చెదిరిపోయాయి, మీ మాట ఎలా వినమంటారని అడుగుతారు. మూసెయ్యడానికి ఇంకో కారణం దొరుకుతుంది, అంతే."

బావని కాపాడబోయి, ఉన్న ఒక్క ఆధారాన్నీ రాళ్ళమ్మాయి తనే నీళ్ళలో కలిపేసింది. సర్దిచెప్పడానికి మాటలు వెతుక్కుంటుంటే బావ గొంతు వినపడింది.

"షెడ్డులో కాదు సార్. గట్టు మీదే తిరగబడింది. నేనే తిప్పాను."

అందరూ ఆయన వైపు చూశారు. లేచి నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు.

"ఆ ఒడ్డున జాగా లేక ట్రేలు అవతలి పక్కన పెట్టించాను. చేతులు మాత్రం పాత అలవాటు మానలేదు. మొదటి లాగుడు నా చేత్తోనే పేర్చాను సార్, కుర్రాళ్ళు నన్ను చూసి పేర్చారు. ఒక్కటి కాదు, ఆ బోరులో పైనుంచి కింద దాకా ప్రతి లాగుడూ తిరగబడింది. కొన్ని ఇలా కొన్ని అలా కాదు. మీరు అన్నీ తిప్పేసుకోవచ్చు, ఏ ఒక్కటీ అనుమానించక్కర్లేదు."

"మేస్త్రీ, ఈ మాట రేపు అందరి ముందూ చెప్పాలి. తెలుసా?"

"చెబుతాను సార్."

"నవ్వేవాళ్ళుంటారు."

"నవ్వితే నవ్వారు. గని మూసేశాక నవ్వడానికి ఇక్కడెవరూ మిగలరు కదా" అన్నాడు బావ. అక్క చెంగుతో మొహం తుడుచుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోటెంట తప్పు నాదన్న మాట ఆమె వినడం అదే మొదటిసారి. విన్నందుకు ఇంత గర్వపడతానని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

రాళ్ళమ్మాయి బావ చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకోలేదు. "ఏడవకే. ఇంకా పనుంది" అని, పక్కనున్న ట్రేల అర వైపు నడిచాడు. "అన్నీ తిరగబడ్డాయంటే చివరి ట్రే కూడా చూడాలి కదా."

బోరు అడుగున తీసిన ఆఖరి లాగుడు అది. దించి అందరి మధ్యా పెట్టాడు. మొదట్లో ఇందాకటి పొర కాక వేరే బెత్తెడు బొగ్గు, తర్వాత చివరిదాకా ఉత్త ఇసుకరాయి. అప్పట్లో దాన్ని చూసే, బొగ్గు చార తప్ప ఏమీ లేదు, కింద వట్టి రాయేనని పెద్దసారు మిషను ఆపమన్నాడు.

బావ ఒక్కో ముక్కా తిప్పి పేర్చాడు. ఇప్పుడు ఇసుకరాయి పైకి వెళ్ళింది. బొగ్గు అన్నిటికంటే కిందికి వచ్చింది. దాని తర్వాత ట్రేలో ఖాళీ ఉంది.

"ఈ ఖాళీ ఏంటి?" అన్నాడు పెద్దసారు.

"ఆ లాగుడులో రాయి తక్కువొచ్చింది సార్. దిగిన లోతుకి సరిపడా రాలేదు. రాయే నలిగి బోరులో పడిపోయి ఉంటుందనుకున్నాను."

"నలిగింది రాయి కాదేమో బావా" అంది రాళ్ళమ్మాయి. "బొగ్గు మెత్తగా ఉంటే బ్యారెల్లో నిలవదు. పొడై నీళ్ళతో పాటు పైకి కొట్టుకొచ్చేస్తుంది."

బావకి ఆ రోజు బోరు నీళ్ళు గుర్తొచ్చాయి. మిషను నడుస్తున్నంతసేపూ బోరులోకి నీళ్ళు పంపుతారు. అవి లోపల తెగుతున్న రాయి రంగు పట్టుకుని పైకి వస్తాయి. ఇసుకరాయైతే తెల్లగా, మట్టిరాయైతే బూడిదరంగులో వస్తాయి. ఆ నీళ్ళు చూడటం మేస్త్రి పని.

"నీళ్ళు నల్లగా వచ్చాయి" అన్నాడాయన. "పైనున్న బొగ్గు అంచు విరిగి పడుతోందనుకున్నాను. కింద రాయి ఉందని ట్రే చెబుతుంటే నీళ్ళనెవరు పట్టించుకుంటారు?"

పెద్దసారు కళ్ళద్దాలు తీసేశాడు. "ఎంతసేపు వచ్చాయి మేస్త్రీ? బొగ్గు దాటి రాయి తగిలాక మళ్ళీ తెల్లబడ్డాయి కదా? ఎప్పుడు తెల్లబడ్డాయో గుర్తుందా?"

"తెల్లబడలేదు సార్" అన్నాడు బావ. "నేను మిషను ఆపేటప్పటికి కూడా నల్లగానే వస్తున్నాయి."